నెల తప్పితే లెక్క తప్పవద్దు



పోయిన సంచికలో పిల్లల పరీక్షల గురించి రాశాను. ఈసారి రాయబోయేది మన ఇళ్ళలో గట్టిగా పలకని మాట. రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. రాయకపోతేనే తప్పని తోచి రాస్తున్నాను.

నూలి పున్నమి నాడు మార్కండేయ స్వామి రథం చూసి తిరిగి వస్తూ, కాళ్ళు లాగుతుంటే సాఖర్‌పేటలో ఒక దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. ఒక తల్లి వచ్చి పక్కన కూర్చుంది. పేరెందుకు లెండి, మన పత్రిక చదివే ఇల్లే. అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరకు వంగి, "టీచరక్కా, మా పెద్దపిల్లకు పాళీ రాక రెండు నెలలాయె. ఎవల్ని అడగాలె?" అంది. పిల్లకు పదిహేడేళ్ళు. జూనియర్ కాలేజీలో చదువుతోంది. తల్లి అప్పటికే పిల్ల ఫోను తీసుకుని దాచిందట. క్లాసులకు నాలుగు రోజులుగా పంపడం లేదట. అత్తగారు "సంబంధం చూడుండ్రి" అని మొదలుపెట్టిందట. పిల్ల అన్నం ముట్టకుండా ఏడుస్తోందట.

"పోయినసారి ఏ తేదీన వచ్చింది?" అని అడిగాను. తెలియదంది. "ఏ పండుగ దగ్గర?" అన్నాను. కాసేపు ఆలోచించి, "ఆషాఢ ఏకాదశికి వారం ముందు. పండరిపురం దిండీలు మన ఊరి మీదికెళ్ళి పోతుండె" అంది. అక్కడే వేళ్ళమీద లెక్కపెట్టాను. రెండు నెలలు కాదు, నలభై ఒక్క రోజులు! ఆ తల్లి నోరు తెరిచి నా వంక చూసింది. బీడీల లెక్కలో ఒక్క కట్ట తేడా వచ్చినా కార్ఖానాలో నిలదీసి అడిగే మనిషి ఆవిడ.

ఆ పిల్ల సంగతి చివర చెబుతాను. దానికన్నా ముందు మా ఇంట్లో జరిగినది చెప్పాలి. ఎందుకంటే, ఆ తల్లిని కోప్పడే అర్హత నాకు లేదు.

మా వదిన సంగతి

ఇది 2009 నాటి మాట. మా అన్నయ్యకు ఇంటి వెనక రెండు టవల్ మగ్గాలు. వదిన ముందు గదిలో కూర్చుని బీడీలు చుట్టేది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. ఇద్దరు పిల్లలు. చిన్నవాడు పుట్టగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది. అప్పటికి ఆరేళ్ళు దాటింది.

ఒకరోజు తునికాకు కత్తిరిస్తూనే, "చెల్లే, ఈసారి పది రోజులు మీదికాయె, ఇంకా రాలే" అంది. నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ననీ, నాలుగు పుస్తకాలు చదివాననీ ఆమెకు నా మాట మీద గురి. నేనేమన్నానో తెలుసా? "ఆపరేషన్ అయింది కదా వదినా, ఇంకేం భయం? ఎండలు, తంబాకు వేడి. అదే వస్తుంది" అన్నాను. మా పెద్దమ్మ నువ్వులు బెల్లం దంచి పెట్టింది. పక్కింటివాళ్ళు బొప్పాయి తినమన్నారు. నాలుగు రోజులకు కొంచెం మరక కనిపించింది. "హమ్మయ్య, వచ్చింది" అనుకున్నాం అందరం.

మూడో రోజు వదిన బీడీల బుట్ట పట్టుకుని కార్ఖానాలో వరుసలో నిలబడి ఉండగా కుడివైపు పొత్తికడుపులో కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చింది. భుజం కూడా లాగుతోందంది. అక్కడే కళ్ళు తిరిగి పడిపోయింది. రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయేసరికి ఒళ్ళు చల్లబడి, ముఖం తెల్లకాగితంలా ఉంది. మూత్రపరీక్షలో గర్భమని తేలింది. గర్భసంచిలో కాదు, అండవాహికలో. ఆ నాళం పగిలి కడుపులోపల రక్తం పోతోంది. వెంటనే ఆపరేషన్ చేశారు. నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. వదిన బతికింది. దేవుడి దయ, ఆ డాక్టరమ్మ చేతి చలవ.

ఆ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "చివరి పాళీ ఏ తేదీ?" అనే. నేను చెప్పలేకపోయాను. మా అన్నయ్య చెప్పలేకపోయాడు. వదినకు స్పృహ వచ్చాక అడిగితే ఆమెకూ తెలియలేదు. కిందటి మంగళవారం ఎన్ని బీడీలు బాగాలేవని పక్కన తీసేశారో మాత్రం తడుముకోకుండా చెప్పింది. గోడమీద కాలనిర్ణయ్ క్యాలెండరులో పాలవాడి లెక్క ఉంది, గ్యాసు సిలిండరు వచ్చిన తేదీ ఉంది, నూలు బాకీ ఉంది. ఆమె లెక్క ఒక్కటే లేదు.

ఆపరేషన్ అయినా కడుపు వస్తుందా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. చాలా అరుదు, కానీ వస్తుంది. అమెరికాలో పదివేల మందికి పైగా స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించి 1996లో ప్రకటించిన లెక్క ఒకటుంది. ఆపరేషన్ అయిన వెయ్యిమందిలో పదేళ్ళలో సుమారు 18 మందికి గర్భం వచ్చింది. అలా వచ్చిన గర్భాల్లో దాదాపు మూడోవంతు నాళంలో నిలిచినవే. అంటే, ఆపరేషన్ అయినవాళ్ళకు నెల తప్పితే నిర్లక్ష్యం చేయడం కాదు, ఇంకా తొందరపడాలన్నమాట. ఈ మాట ఆనాడు నాకు తెలియదు.

ఒక ఇంట్లో "తప్పు చేసిందేమో" అన్న అనుమానం. ఇంకో ఇంట్లో "ఏం కాదులే" అన్న ధీమా. రెండూ లెక్క చూడకుండా ఇచ్చిన తీర్పులే.

ఒక్క మాటకు ఒక్కటే అర్థమా?

మన సోలాపూర్ తెలుగువాళ్ళకు దీనికి పేర్లు తక్కువేమీ లేవు. ముట్టు అంటాం, నెలసరి అంటాం, మరాఠీలో పాళీ అంటాం, "బయట ఉంది" అంటాం. పిల్లలు అడిగితే "కావళా శివలా", కాకి ముట్టిందని తప్పించుకుంటాం. కానీ అది రాకపోతే మాత్రం మన దగ్గర ఉన్నది ఒక్కటే మాట: "నెల తప్పింది". ఆ మాటకు ఒక్కటే అర్థం, కడుపుతో ఉందని. కొత్తకోడలి విషయంలో అది శుభవార్త. పెళ్ళికాని పిల్ల విషయంలో అదే మాట పిడుగు. ఆపరేషన్ అయినవాళ్ళ విషయంలో, నలభై దాటినవాళ్ళ విషయంలో ఆ మాట ఎవరికీ తట్టదు. నిజానికి పాళీ ఆలస్యం కావడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిని వరుసగా చూడాలి.

ముందు లెక్క

ఎర్రగా కనిపించిన మొదటి రోజు ఒకటో రోజు. మళ్ళీ వచ్చే పాళీ మొదటి రోజుకు ముందు రోజు వరకు ఒక చక్రం. అయిపోయిన రోజునుంచి లెక్కపెట్టకూడదు. పెద్దవాళ్ళలో ఇది 21 నుంచి 35 రోజుల మధ్య ఎంతైనా ఉండవచ్చు. 28 అనేది సగటు లెక్కే కాని శాసనం కాదు. ఒక నెల 27, ఇంకో నెల 31 వస్తే అది ఆలస్యం కిందికి రాదు. ఆడపిల్ల పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్ళు 45 రోజుల వరకు కూడా పోవచ్చు. శరీరం ఇంకా అలవాటు పడుతున్న రోజులవి.

ఆలస్యం ఎందుకవుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. 1924లో జపానులోని నీగాటాలో పనిచేస్తున్న ఓగినో అనే డాక్టరు ఒక సంగతి కనిపెట్టాడు. అండం విడుదలయ్యేది రాబోయే పాళీకి సుమారు రెండు వారాల ముందు. అంటే, అండం విడుదలైన తరువాత గర్భం నిలవకపోతే ఇంచుమించు 14 రోజులకు పాళీ వచ్చేస్తుంది. ఆ రెండో సగం పెద్దగా మారదు. మారేది మొదటి సగం. మన మగ్గం భాషలో చెబుతాను. పడుగు ఎక్కించాక నేత ఎన్నాళ్ళు పడుతుందో మనకు తెలుసు. పడుగు తయారు కావడమే ఆలస్యమైతే బట్ట దిగడమూ ఆలస్యమే. జ్వరం, దిగులు, నిద్ర లేకపోవడం, తిండి తగ్గడం ఇవన్నీ మెదడు ఇచ్చే ఆజ్ఞను ఆపి అండం విడుదలను వెనక్కి నెడతాయి. అందుకే పోయిన నెల పడిన కష్టం ఈ నెల ఆలస్యంగా కనిపిస్తుంది.

తరువాత పరీక్ష

సంసారం చేసే ఏ స్త్రీకైనా, వయసెంతైనా, ఆపరేషన్ అయినా, లూప్ ఉన్నా, పాళీ వారం రోజులు దాటితే మొదట చేయవలసింది గర్భపరీక్ష. ఇందులో సిగ్గుపడవలసినదీ, అవమానపడవలసినదీ ఏమీ లేదు. మందుల దుకాణంలో దొరుకుతుంది. ఆశా కార్యకర్తల దగ్గర ప్రభుత్వం ఇచ్చే "నిశ్చయ్" పరీక్ష ఉంటుంది. పొద్దున లేవగానే మొదటి మూత్రంతో చేయాలి. పెట్టె మీద రాసిన ప్రకారం చుక్కలు వేసి, రాసినంతసేపే ఆగి చూడాలి. ఒక గీత వస్తే లేదని, రెండు గీతలు వస్తే ఉందని. రెండో గీత పలచగా ఉన్నా ఉన్నట్టే. ఏ గీతా రాకపోతే ఆ పరీక్ష చెడిపోయింది, మళ్ళీ చేయాలి.

లేదని వచ్చి, ఇంకో వారం గడిచినా పాళీ రాకపోతే మళ్ళీ ఒకసారి చేయండి. అసలు తేదీలే తెలియని వాళ్ళు చివరి కలయిక జరిగి మూడు వారాలయ్యాక చేస్తే ఆ ఫలితాన్ని నమ్మవచ్చు. ఉందని వస్తే గర్భం ఎక్కడ నిలిచిందో పరీక్ష గీత చెప్పదు. అది సోనోగ్రఫీలోనే తెలుస్తుంది.

గర్భం కాకపోతే మరేమిటి?

చంటిపిల్ల తల్లులకు: బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకుండా, పాళీ ఇంకా మొదలుకాకుండా ఉంటే గర్భం వచ్చే అవకాశం బాగా తక్కువ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్ష పోయినట్టే. మొదటి పాళీ కనిపించకముందే మళ్ళీ కడుపు రావచ్చునని గుర్తుంచుకోండి.

వయసు పిల్లలకు, ముప్పై లోపువాళ్ళకు: పాళీ రెండు మూడు నెలలకొకసారి వస్తూ, మొటిమలు, గడ్డం మీద రోమాలు, బరువు పెరగడం ఉంటే పీసీఓఎస్ కావచ్చు. షికాగో డాక్టర్లు స్టెయిన్, లెవెంథాల్ 1935లో వర్ణించిన జబ్బే ఇది. సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. పిల్లలు పుట్టరని బెంగపడనక్కరలేదు, వైద్యం ఉంది. అయితే నెలల తరబడి పాళీ రాకుండా వదిలేస్తే గర్భసంచి లోపలి పొర మందం పెరుగుతుంది, అది మంచిది కాదు. మూడు నెలలకొకసారైనా రావాలి. రాకపోతే డాక్టరు మాత్రలతో తెప్పిస్తారు.

ఏ వయసులోనైనా: థైరాయిడ్ తగ్గితే పాళీ లయ తప్పుతుంది. ఊరికే అలసట, బరువు పెరగడం, చలి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడం దాని గుర్తులు. ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. బిడ్డ లేకుండానే పాలు కారుతుంటే ప్రొలాక్టిన్ పరీక్ష కావాలి. మానసిక వైద్యంలో ఇచ్చే కొన్ని మందులు, వాంతులకు వాడే కొన్ని మాత్రలు కూడా పాళీని ఆపుతాయి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల పట్టీలన్నీ వెంట తీసుకుపొండి.

నలభై దాటినవాళ్ళకు: మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళ ప్రాంతంలో పాళీ ఆగిపోతుంది. దానికి ముందు కొన్నేళ్ళు ఒక నెల వచ్చి రెండు నెలలు ఆగి గడబిడ చేస్తుంది. పూర్తిగా పన్నెండు నెలలు రాకపోతేనే ఆగిపోయిందని అర్థం. అంతదాకా గర్భం రావచ్చు. పూర్తిగా ఆగాక మళ్ళీ రక్తం కనిపిస్తే మాత్రం, ఒక్క చుక్క అయినా సరే, తప్పక చూపించుకోండి.

మందుల వల్ల: పూజలకు, పెళ్ళిళ్ళకు, గౌరీ గణపతికి, బతుకమ్మకు అడ్డం రాకూడదని మాత్రలు వేసుకుని పాళీని వాయిదా వేసుకోవడం మన పేటల్లో బాగా పెరిగింది. ఆ మాత్ర పేరు నోరెథిస్టెరాన్. ఆపిన రెండు మూడు రోజులకు సాధారణంగా పాళీ వస్తుంది. రాకపోతే గర్భపరీక్ష చేయాలి. కాళ్ళలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, కళ్ళముందు మెరుపులతో తలనొప్పి వచ్చేవాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. తోడికోడలికి పడింది కదా అని అడిగి తెచ్చుకునే మాత్ర కాదు సుమా! కలయిక తరువాత 72 గంటల లోపు వేసుకునే అత్యవసర మాత్ర కూడా ఆ నెల పాళీని ముందుకో వెనక్కో జరుపుతుంది. ప్రభుత్వం 2017 నుంచి "అంతరా" పేరుతో ఇస్తున్న మూడు నెలల ఇంజెక్షను వేసుకున్నవాళ్ళకు పాళీ రాకపోవడం మామూలే. చెడు రక్తం లోపలే ఉండిపోయిందని భయపడకండి. ముట్టు రక్తం చెడు రక్తం కాదు, నిలవ ఉండేదీ కాదు.

తిండి, పని, దిగులు: రెండో ప్రపంచయుద్ధంలో 1944–45 చలికాలం హాలెండు దేశంలో కరువు వచ్చినప్పుడు ఎందరో స్త్రీలకు పాళీలు ఆగిపోయాయి. తిండి దొరికాక మళ్ళీ వచ్చాయి. ఇక్కడ 2020లో మగ్గాలు, కార్ఖానాలు మూతపడినప్పుడు మా గల్లీలో ఎంతోమంది నాతో ఇదే చెప్పుకున్నారు. మరుసటి ఏడు టీకా వల్ల పాళీలు పోతాయని పుకారు లేచింది. 2022లో వచ్చిన పరిశోధన ఏం తేల్చిందంటే, టీకా వేసుకున్న నెల ఆలస్యం సగటున ఒక్క రోజు కూడా లేదు.

ఇక తంబాకు మాట. బీడీలు చుట్టేవాళ్ళ చర్మం ద్వారా, ఊపిరి ద్వారా నికొటిన్ ఒంట్లోకి వెళుతుందని పరిశోధకులు మూత్రపరీక్షలతో చూపారు. గర్భిణులు ఆ దుమ్ముకు ఎంత దూరంగా ఉంటే బిడ్డకు అంత మేలు. గాలి వచ్చేచోట కూర్చోవడం, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం తినడం, చంటిబిడ్డను చేట పక్కన పడుకోబెట్టకపోవడం మన చేతిలో పనులే. కానీ పాళీ ఆలస్యమైన ప్రతిసారీ "తంబాకు వేడి" అని సరిపెట్టుకోవద్దు. నేను సరిపెట్టిన ఫలితం పైన చదివారు.

చేయకూడనివి

బొప్పాయి, నువ్వులు, బెల్లం మంచి ఆహారం. తినండి. కాని వాటితో పాళీ వస్తుందని కాలం గడపవద్దు. రాకపోవడానికి కారణం గర్భమైతే, థైరాయిడైతే నువ్వులుండ ఏం చేస్తుంది?

దుకాణంలో అడిగి కడుపు పోయే మాత్రలు తెచ్చి మింగవద్దు. అవి తొమ్మిది వారాల లోపు, డాక్టరు చూసి ఇవ్వవలసినవి. గర్భం నాళంలో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు. కొంచెం రక్తం కనిపించి "పోయింది" అనిపిస్తుంది, లోపల నాళం పెరుగుతూనే ఉంటుంది.

పాళీ గడబిడగా ఉందని గర్భసంచి తీయించుకోవడానికి తొందరపడవద్దు. మనకు దగ్గరి బీడ్ జిల్లాలో 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ చెరకు కోతకు వెళ్ళే స్త్రీలను విచారించింది. 82 వేల పైచిలుకు మందిలో 13 వేలకు పైగా గర్భసంచి తీయించుకున్నవాళ్ళే. ఒకరోజు పని మానితే జరిమానా అనే భయం కూడా ఇందులో ఉంది. అటు తెలంగాణ, ఆంధ్రల్లో కూడా ఈ ఆపరేషన్లు ఎక్కువ. ఎవరైనా తీసేద్దామంటే రెండో డాక్టరు మాట కూడా అడగండి. తీయడానికి ఒక గంట చాలు, తిరిగి పెట్టడానికి వీలుండదు.

ఎప్పుడు పరుగెత్తాలి?

పాళీ ఆలస్యమైన మనిషికి పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, భుజం చివర నొప్పి, కళ్ళు తిరగడం, లేదా గంటకొక పాడ్ తడిసిపోయేంత రక్తం ఉంటే రాత్రయినా పగలైనా ఆస్పత్రికి పోవాలి. తెల్లవారాక చూద్దాం అనవద్దు. మరక కనిపించింది కదా అని ఊరుకోవద్దు.

నొప్పి లేకపోయినా, పరీక్షలో లేదని వచ్చినా, వరుసగా మూడు నెలలు రాకపోతే డాక్టరును కలవాలి. ఆడపిల్లకు పదిహేనేళ్ళు నిండినా మొదటిసారి కాకపోతే అప్పుడూ చూపించాలి.

గర్భమని తేలి, అది వద్దనుకునే పరిస్థితి ఉంటే చట్టం దారి చూపింది. 1971 నాటి చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే కావాలి, భర్త సంతకం, అత్తగారి సంతకం చట్టం అడగదు. పెళ్ళికాలేదని వివక్ష చూపకూడదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేరు బయటపెట్టడం నేరం. ఇది తెలియకనే కదా మన పిల్లలు దొంగతనంగా ఎక్కడెక్కడికో పోయి ప్రాణాల మీదికి తెచ్చుకునేది!

ఆ పిల్ల సంగతి

మరునాడు తల్లి పిల్లను మా ఇంటికి తీసుకువచ్చింది. తల్లిని వంటింట్లో టీ పెట్టమని పంపి, పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, "బిడ్డా, నిన్ను అనుమానించి అడగడం లేదు, నీ ఆరోగ్యం కోసం అడుగుతున్నాను. ఏది చెప్పినా నేను నీ వైపే" అన్నాను. అలాంటిదేమీ లేదని పిల్ల చెప్పింది. పరీక్షల భయంతో నెలరోజులుగా రాత్రి రెండింటి దాకా చదువుతోందట, లావయ్యానని ఒక పూట అన్నం మానేసిందట. పెద్దమనిషి అయిందే పదిహేనో ఏట. అంటే 45 రోజుల లెక్క ఈ పిల్లకు వర్తిస్తుంది. తల్లి మనసు కుదుటపడడానికి పరీక్ష చేయించమంటే పిల్లే ఒప్పుకుంది. ఒక్క గీతే వచ్చింది. ఇంకో మూడు రోజులకు పాళీ వచ్చిందని కబురు చేసింది. థైరాయిడ్ కూడా చూపించుకోమన్నాను, చూపించారు, బాగానే ఉంది.

తల్లి ఫోను తిరిగి ఇచ్చింది, క్లాసులకు పంపింది. కాని పిల్ల అన్న ఒక మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. "అవ్వ నన్ను ఏం నొస్తుందని అడగలే పెద్దమ్మా, ఏం చేసినవని అడిగింది." రెండు గీతలే వచ్చి ఉంటే ఆ పిల్ల ఎవరి దగ్గరకు పోయేది? ఆ ప్రశ్న మన ప్రతి ఇంటికీ వర్తిస్తుంది. కాబట్టి తల్లులారా, ముందు "ఏం నొస్తోంది బిడ్డా" అని అడగండి.

మా వదిన ఇప్పుడు యాభై దాటింది. పాళీలు ఆగిపోయి ఏడాది పైనే అయింది. అయితే 2009 నుంచి ఆగేదాకా ప్రతి నెలా కాలనిర్ణయ్ మీద, పాల లెక్క పక్కనే, ఎర్ర పెన్నుతో చిన్న చుక్క పెడుతూ వచ్చింది. ఇప్పుడు కోడలు పెడుతోంది. మొదట్లో మా అన్నయ్య అదేమిటని అడగడానికి సిగ్గుపడేవాడు. ఈమధ్య పాత క్యాలెండరు తీసేటప్పుడు, "చివరి చుక్కలు కొత్తదాంట్లో ఎక్కించినావా?" అని ఆయనే కోడలిని అడిగాడట.

ఈ సంచిక ముట్టిన రోజే మీ ఇంటి క్యాలెండరు మీద కూడా ఒక చుక్క పెట్టండి. బీడీల లెక్క మనకు వచ్చు, కండెల లెక్క వచ్చు, చీటీల లెక్క వచ్చు. ఈ లెక్క అంతకన్నా కష్టమేమీ కాదు.

వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకుందాం. ఉత్తరాలు రాయండి. పేరు వేయవద్దంటే వేయను.

మీ
టీచరక్క